పోటీకి వచ్చింది ఇద్దరే.. ఏడేళ్లు ఆగిపోయింది.. కలర్ టీవీ బతికించిన ప్రపంచ స్నూకర్ టోర్నీ కథ ఇదీ!

2025 మే 5. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ నగరం. వెయ్యి సీట్లు కూడా లేని ఒక నాటకాల థియేటర్. 28 ఏళ్ల చైనా కుర్రాడు జావో షిన్‌టాంగ్ ఒక చిన్న వెండి కప్పు పైకెత్తాడు. ఎదురుగా ఓడిపోయిన మార్క్ విలియమ్స్ వయసు 50. స్కోరు 18-12. ప్రపంచ ప్రొఫెషనల్ స్నూకర్ టైటిల్ ఆసియా ఆటగాడి చేతికి రావడం అదే తొలిసారి. విజేతకు దక్కిన ప్రైజ్‌మనీ 5 లక్షల పౌండ్లు.

ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటుంది. జావో ఎత్తిన ఆ కప్పు 1927 నాటిది. మూత మీద చిన్న గొర్రెల కాపరి అమ్మాయి బొమ్మ ఉంటుంది. కొత్తది చేయించలేదు, మార్చలేదు. దాన్ని కొన్నది కూడా ఏ కోటీశ్వరుడో కాదు. ఆటగాళ్లకు చెందాల్సిన డబ్బుతోనే కొన్నారు! ఆ ఏడాది విజేత చేతికి వచ్చిన మొత్తం 6 పౌండ్ల 10 షిల్లింగులు.

ఆరున్నర పౌండ్ల నుంచి 5 లక్షల పౌండ్ల దాకా వచ్చిందంటే వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఈ టోర్నీ దారి పొడవునా పైకి ఎక్కుతూ రాలేదు. ఒకటి రెండు సార్లు దాదాపు చచ్చిపోయింది. మళ్లీ లేచి నిలబడటానికి కారణం గొప్ప ఆటగాళ్లు మాత్రమే కాదు.. ఓ కలర్ టీవీ ప్రోగ్రామ్.

అసలు ఆట ఏంటి?

తెలియని వాళ్ల కోసం రెండు ముక్కల్లో చెప్పుకుందాం. 12 అడుగుల పొడవైన టేబుల్. దాని మీద ఆకుపచ్చ గుడ్డ. ఆరు పాకెట్లు. 15 ఎర్ర బంతులు, ఆరు రంగు బంతులు, కొట్టడానికి ఒక తెల్ల బంతి. ఎరుపు పాకెట్‌లో పడితే 1 పాయింట్. ఆ తర్వాత ఏదో ఒక రంగు బంతిని వేయాలి. పసుపుకు 2, ఆకుపచ్చకు 3, గోధుమ రంగుకు 4, నీలానికి 5, గులాబీకి 6, నలుపుకు 7. ఎరుపు పడితే లోపలే ఉంటుంది. రంగు బంతి మాత్రం మళ్లీ టేబుల్ మీదికి వస్తుంది. ఎరుపులన్నీ అయిపోయాక రంగులను వరుసగా వేయాలి. ప్రతి ఎరుపు తర్వాతా నలుపే వేస్తూ వెళ్లి చివర్లో టేబుల్ మొత్తం ఖాళీ చేస్తే 147. అదే మాగ్జిమమ్. ఇలా ఒకసారి టేబుల్ ఖాళీ అయ్యే దాకా జరిగే ఆటను ఫ్రేమ్ అంటారు.

ఈ రంగుల లెక్క గుర్తుపెట్టుకోండి. కథలో ముందుముందు దీనితోనే పని.

ఇంకో విషయం. ఈ ఆట పుట్టింది ఇంగ్లండ్‌లో కాదు, మన దేశంలో. 1875లో జబల్‌పూర్‌లో బ్రిటిష్ సైనికాధికారుల మెస్‌లో వర్షాకాలం పొద్దు గడవక, బిలియర్డ్స్ టేబుల్ మీద కొత్త బంతులు చేర్చి ఆడటం మొదలైంది. నెవిల్ చాంబర్లీన్ అనే యువ అధికారికి ఆ క్రెడిట్ ఇస్తారు. తర్వాత ప్రధాని అయిన చాంబర్లీన్ వేరు, ఈయన వేరు. సైనిక అకాడమీలో కొత్తగా చేరిన కుర్రాళ్లను అప్పట్లో 'స్నూకర్' అని ఆటపట్టించేవారు. తేలికైన బంతిని వేయలేకపోయిన ఒక ఆటగాణ్ని చాంబర్లీన్ అలా పిలిచాడట. పేరు అదే స్థిరపడింది. ఆ తర్వాత ఊటీ క్లబ్‌లో నిబంధనలు రాసి గోడకు తగిలించారు. ఇప్పటికీ ఆ క్లబ్‌కు ఈ ఆటతో ఉన్న అనుబంధాన్ని గొప్పగా చెప్పుకుంటారు.

ఒక్కడే గెలిస్తే ఏం మజా?

1920ల నాటికి ఇంగ్లండ్‌లో బిలియర్డ్సే పెద్ద ఆట. స్నూకర్ అంటే సరదాకి ఆడే చిన్న ఆట అన్న చూపు. అయితే చెస్టర్‌ఫీల్డ్ ప్రాంతం నుంచి వచ్చిన జో డేవిస్ అనే కుర్ర ప్రొఫెషనల్ ఒకటి గమనించాడు. బిలియర్డ్స్‌లో మొనగాళ్లు గంటల తరబడి ఒకే చోట పాయింట్లు కొడుతుంటే చూసేవాళ్లకు నిద్ర వస్తోంది. స్నూకర్ అయితే రంగులు మారుతుంటాయి, స్కోరు తిరగబడుతుంటుంది. బర్మింగ్‌హామ్‌లో బిలియర్డ్స్ హాల్ నడిపే బిల్ క్యామ్‌కిన్‌తో కలిసి, స్నూకర్‌కూ ఓ ప్రొఫెషనల్ చాంపియన్‌షిప్ పెట్టాలని ఆ ఆట పాలక మండలిని ఒప్పించాడు.

పదిమంది పేర్లు ఇచ్చారు. 1926 చివర్లో మొదలైన మ్యాచ్‌లు 1927 మే దాకా ఊరూరా సాగాయి. ఫైనల్ క్యామ్‌కిన్ హాల్లోనే జరిగింది. జో డేవిస్ 20-11 తేడాతో టామ్ డెన్నిస్‌ను ఓడించాడు.

అక్కడి నుంచి మొదలైన జో డేవిస్ జైత్రయాత్ర ఆగలేదు. ఈ మాట అతిశయోక్తి కాదు. 1927 నుంచి 1946 వరకు జరిగిన ప్రతి చాంపియన్‌షిప్‌నూ అతనే గెలిచాడు. మొత్తం 15. ఈ టోర్నీలో అతను ఒక్క మ్యాచ్ కూడా ఓడిపోలేదు. ఏ ఆటలోనైనా ఇలాంటి రికార్డు వెతికితే దొరకడం కష్టమే.

కానీ గొప్ప ఆటగాడు ఉంటే టోర్నీ కూడా గొప్పది అయిపోదు. ఎవరు గెలుస్తారో ముందే తెలిసిన పోటీకి జనం ఎందుకు వస్తారు? ఆటగాళ్లు మాత్రం జేబులోంచి డబ్బు కట్టి ఎందుకు చేరతారు? 1931కి వచ్చేసరికి పరిస్థితి ఎలా ఉందంటే, ప్రపంచ చాంపియన్‌షిప్‌కు పేర్లు ఇచ్చింది ఇద్దరే ఇద్దరు. ఒకరు జో డేవిస్. రెండోవాడు అదే టామ్ డెన్నిస్. మొదటి రౌండూ లేదు, సెమీ ఫైనలూ లేదు. డెన్నిస్ సొంతూరు నాటింగ్‌హామ్‌లో ఇద్దరూ నేరుగా ఫైనల్ ఆడేశారు. డేవిస్ 25-21తో గెలిచాడు. పాపం డెన్నిస్.. నాలుగు ఫైనల్స్ ఆడాడు, నాలుగూ డేవిస్ చేతిలోనే పోగొట్టుకున్నాడు.

ఆ తర్వాతి ఏళ్లలో ఆట కాస్త పుంజుకుంది. రెండో ప్రపంచ యుద్ధం రావడంతో 1941 నుంచి 1945 వరకు టోర్నీ ఆగింది. 1946లో లండన్‌లోని రాయల్ హార్టికల్చరల్ హాల్లో జరిగిన ఫైనల్ రెండు వారాలు నడిచింది. అవును, ఫైనల్ ఒక్కటే! మొత్తం 145 ఫ్రేములు. ఆస్ట్రేలియాకు చెందిన హొరేస్ లిండ్రమ్‌పై డేవిస్ 78-67తో గెలిచాడు. ఇక చాలు అంటూ ఈ చాంపియన్‌షిప్‌కు గుడ్‌బై చెప్పేశాడు.

అసలు చిక్కు అక్కడే వచ్చింది. డేవిస్ ఆట మానేయలేదు. వేరే టోర్నీలు, ఎగ్జిబిషన్ మ్యాచ్‌లు ఆడుతూనే ఉన్నాడు. అతనే అందరికంటే పెద్ద ఆటగాడని జనానికి తెలుసు. అలాంటప్పుడు అతను లేని టోర్నీలో గెలిచినవాణ్ని ప్రపంచ చాంపియన్ అంటే నమ్మేదెవరు? తమ్ముడు ఫ్రెడ్ డేవిస్, స్కాట్లాండ్‌కు చెందిన వాల్టర్ డొనాల్డ్‌సన్ మంచి ఆటగాళ్లే. ఏటా వాళ్లిద్దరే ఫైనల్‌కు వచ్చేవారు. టికెట్లు మాత్రం తగ్గుతూ పోయాయి.

గొడవ.. ఆపై నిశ్శబ్దం

1952లో డబ్బు దగ్గర, పెత్తనం దగ్గర ఆటగాళ్లకూ పాలక మండలికీ చెడింది. ప్రొఫెషనల్స్ అంతా బయటికొచ్చి సొంతంగా మరో ప్రపంచ టోర్నీ పెట్టుకున్నారు. మండలి నిర్వహించిన అధికారిక పోటీలో మిగిలింది ఇద్దరే. లిండ్రమ్, న్యూజిలాండ్‌కు చెందిన క్లార్క్ మెకానకీ. లిండ్రమ్ 94-49తో గెలిచాడు. రికార్డు పుస్తకాల్లో అతని పేరు ఉంది. కానీ ఆట తెలిసినవాళ్లలో చాలామంది దాన్ని లెక్కలోకి తీసుకోరు. బ్రిటన్ బయటి నుంచి వచ్చిన తొలి చాంపియన్ ఎవరు అంటే లిండ్రమా, తర్వాత వచ్చిన క్లిఫ్ థోర్బర్నా అన్న వాదన ఇప్పటికీ ఉంది.

ఆటగాళ్లు పెట్టుకున్న టోర్నీ కూడా ఎక్కువ కాలం నడవలేదు. 1957లో నలుగురే పోటీపడ్డారు. జాన్ పుల్మన్ గెలిచాడు. అంతే. మరుసటి ఏడాది టోర్నీ జరగలేదు. ఆ మరుసటి ఏడాదీ జరగలేదు. ఏడేళ్ల పాటు ప్రపంచ స్నూకర్ చాంపియన్‌షిప్ అనేదే లేదు. రద్దు చేస్తున్నామని ఎవరూ పెద్దగా ప్రకటించిందీ లేదు. పెట్టమని అడిగినవాళ్లు లేరు, అంతే.

1964లో రెక్స్ విలియమ్స్ అనే ఆటగాడు చొరవ తీసుకుని పాలక మండలితో మాట్లాడి మళ్లీ మొదలుపెట్టించాడు. అయితే అది టోర్నీ కాదు. బాక్సింగ్ తరహాలో చాంపియన్‌ను ఒకరు సవాల్ చేయడం, ఇద్దరూ ఆడుకోవడం. 1968 దాకా పుల్మనే టైటిల్ కాపాడుకుంటూ వచ్చాడు. చూసే జనం మాత్రం పెద్దగా పెరగలేదు.

ఇంతలో టీవీకి రంగులొచ్చాయి

1960ల చివర్లో బీబీసీ-2 చానల్ కలర్‌లో ప్రసారాలు మొదలుపెట్టింది. కొత్త రంగుల టీవీలో రంగులు చూపించడానికి తక్కువ ఖర్చులో ఏం చేయొచ్చు? అప్పుడు ఆ చానల్ బాధ్యతలు చూస్తున్నది ఎవరో తెలుసా? డేవిడ్ అటెన్‌బరో. అవును, అడవుల మీద, జంతువుల మీద డాక్యుమెంటరీలతో ప్రపంచమంతా తెలిసిన ఆ అటెన్‌బరోనే. ఆయన హయాంలోనే 'పాట్ బ్లాక్' అనే ప్రోగ్రామ్‌కు బీజం పడింది. ఒక్కో ఎపిసోడ్‌లో ఒక్క ఫ్రేమ్ మాత్రమే. 1969 జులైలో తొలి ఎపిసోడ్ వచ్చింది.

ఒక్కసారి ఆలోచించండి. బ్లాక్ అండ్ వైట్ తెర మీద ఆకుపచ్చ, గోధుమ, నీలం బంతులన్నీ ఒకే బూడిద రంగులో కనిపిస్తే స్నూకర్ ఎవరికి అర్థమవుతుంది? కలర్ వచ్చాక అదే ఆట పండుగ రంగవల్లిలా కనిపించింది. టేబుల్ కూడా టీవీ కోసమే కొలిచి చేసినట్టుంటుంది. ఫుట్‌బాల్ మైదానమంతా ఒక ఫ్రేమ్‌లో పట్టదు, స్నూకర్ టేబుల్ మాత్రం మొత్తం పడుతుంది. లైట్లు లోపలే. వాన పడదు. ఆటగాడి ముఖం దగ్గరగా చూపించొచ్చు. బ్లాక్ అండ్ వైట్ సెట్లున్న వాళ్ల కోసం, గులాబీ బంతి ఆకుపచ్చ బంతి పక్కనే ఉందని వ్యాఖ్యాత టెడ్ లో చెప్పిన మాటను బ్రిటన్‌లో ఇప్పటికీ తలచుకుని నవ్వుకుంటారు.

అదే 1969లో ప్రపంచ చాంపియన్‌షిప్ మళ్లీ నాకౌట్ పద్ధతికి వచ్చింది. పుల్మన్ తొలి రౌండ్‌లోనే ఇంటిదారి పట్టాడు. జాన్ స్పెన్సర్ గెలిచాడు. ఆ తర్వాత వేల్స్‌కు చెందిన రే రియర్డన్ హవా. ఒకప్పుడు బొగ్గు గనిలో, తర్వాత పోలీసు ఉద్యోగంలో పనిచేసిన రియర్డన్ 1970 నుంచి 1978 లోపు ఆరుసార్లు చాంపియన్ అయ్యాడు.

అయితే జనాన్ని పిచ్చెక్కించింది మాత్రం అలెక్స్ హిగ్గిన్స్. ఉత్తర ఐర్లండ్‌లోని బెల్‌ఫాస్ట్ కుర్రాడు. మెరుపులా కదులుతాడు, ఆలోచించకుండా కొట్టేస్తున్నాడా అనిపిస్తుంది. 1972లో తొలిసారి ఈ టోర్నీలో దిగాడు. క్వాలిఫయర్ నుంచి వచ్చాడు. వయసు 22. బర్మింగ్‌హామ్‌లో మాజీ సైనికుల క్లబ్ హాల్లో ఫైనల్. బయట బొగ్గు గని కార్మికుల సమ్మెతో దేశమంతా కరెంటు కోతలు. జనరేటర్ తెచ్చి లైట్లు వెలిగించాల్సి వచ్చింది. స్పెన్సర్‌ను 37-32తో ఓడించిన హిగ్గిన్స్‌కు దక్కింది 480 పౌండ్లు. ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్ అంటే అప్పటికి అదీ పరిస్థితి.

భార్య నాటకానికి వెళ్లొచ్చి చెప్పిన మాట

1976 వరకు ఈ టోర్నీకి ఒక సొంత చోటంటూ లేదు. ఒక ఏడాది మాంచెస్టర్, ఒక ఏడాది మెల్‌బోర్న్, మరో ఏడాది రెండు ఊళ్లలో. మైక్ వాటర్సన్ అనే ప్రమోటర్ మంచి హాల్ కోసం వెతుకుతున్నాడు. ఒకరోజు ఆయన భార్య కారోల్ షెఫీల్డ్‌లోని క్రూసిబుల్ థియేటర్‌లో నాటకం చూసొచ్చి, స్నూకర్‌కు ఆ హాల్ బాగుంటుందని చెప్పింది. వాటర్సన్ వెళ్లి కొలతలు చూసుకున్నాడు. రెండు టేబుళ్లు పడతాయి. మధ్యలో ఓ తెర కడితే చాలు.

క్రూసిబుల్ అంటే లోహం కరిగించే మూస. షెఫీల్డ్ ఉక్కుకు పేరుపడ్డ ఊరు కాబట్టి థియేటర్‌కు ఆ పేరు. సుమారు 980 సీట్లు. వేదికకు మూడు వైపులా ప్రేక్షకులు. ఎంత వెనక కూర్చున్నా ఆటగాడు దగ్గరలోనే ఉన్నట్టుంటుంది. ఆటగాడికీ అంతే. జనం ఊపిరి పీల్చినా వినిపిస్తుంది. 1977లో అక్కడ తొలిసారి టోర్నీ జరిగింది. స్పెన్సర్ గెలిచి 6,000 పౌండ్లు తీసుకున్నాడు. ఆ మరుసటి ఏడాది నుంచి బీబీసీ రోజూ ప్రసారాలు చేయడం మొదలుపెట్టింది. అప్పటి నుంచి టోర్నీ అక్కడే పాతుకుపోయింది.

ఫార్మాట్ కూడా క్రమంగా స్థిరపడింది. 32 మంది, 17 రోజులు. తొలి రౌండ్‌లో ముందుగా 10 ఫ్రేములు గెలవాలి. తర్వాతి రెండు రౌండ్లలో 13, సెమీస్‌లో 17, ఫైనల్‌లో 18. సెమీస్ దగ్గరకు వచ్చేసరికి మధ్యలోని తెర తీసేస్తారు. మొత్తం వేదికకు ఒకే టేబుల్. ఆ ఒంటరి టేబుల్ దగ్గరికి చేరడమే తమ కల అని ఆటగాళ్లు చెబుతుంటారు.

1983లో కెనడాకు చెందిన క్లిఫ్ థోర్బర్న్ క్రూసిబుల్‌లో తొలి 147 కొట్టాడు. పక్క టేబుల్ మీద మ్యాచ్ ఆడుతున్న అతని దేశస్థుడు బిల్ వెర్బెనియుక్ తన ఆట ఆపి, తెర పక్క నుంచి తొంగి చూశాడు. అదే థోర్బర్న్ 1980 ఫైనల్లో హిగ్గిన్స్‌ను ఓడిస్తుండగా బీబీసీ ప్రసారం మధ్యలో ఆపేసింది. లండన్‌లోని ఇరాన్ ఎంబసీలోకి కమాండోలు దూకుతున్న దృశ్యాలు చూపించాల్సి వచ్చింది మరి. స్నూకర్ అభిమానులు అప్పుడు కూడా చానల్‌ను తిట్టుకున్నారని చెబుతారు!

అర్ధరాత్రి 12.23.. ఒక్క నల్ల బంతి

ఈ టోర్నీ గురించి ఒక్క మ్యాచే చూడాలంటే 1985 ఫైనల్ చూడండి. వీడియోలు ఇప్పటికీ దొరుకుతాయి. ఒకవైపు స్టీవ్ డేవిస్. జో డేవిస్‌తో చుట్టరికం లేదు. అప్పటికే మూడుసార్లు చాంపియన్, యంత్రంలా ఆడతాడని పేరు. మరోవైపు ఉత్తర ఐర్లండ్‌కు చెందిన డెన్నిస్ టేలర్. వంగి కొట్టేటప్పుడు సరిగ్గా కనిపించాలని చేయించుకున్న పెద్ద కళ్లద్దాలు, తిరగేసి పెట్టుకున్నట్టు ఉంటాయి.

డేవిస్ వరుసగా 8 ఫ్రేములు గెలిచాడు. 8-0. మ్యాచ్ అయిపోయిందనే అందరూ అనుకున్నారు. అక్కడి నుంచి టేలర్ ఒక్కో ఫ్రేమూ లాక్కుంటూ వచ్చాడు. 17-17. మిగిలింది ఒకే ఫ్రేమ్. అదొక్కటే 68 నిమిషాలు సాగింది. చివరికి టేబుల్ మీద నల్ల బంతి ఒక్కటే మిగిలింది. దాన్ని ఎవరు వేస్తే వాళ్లదే ప్రపంచ టైటిల్. ఇద్దరూ ఒకరి తర్వాత ఒకరు ప్రయత్నించి తప్పారు. డేవిస్‌కు మంచి చాన్స్ వచ్చింది. టీవీ ముందు కూర్చున్న ఎవరైనా పడిపోయిందనే అనుకుంటారు. బంతి పాకెట్ అంచు పక్కగా పోయింది. టేలర్ వేసేశాడు. క్యూను రెండు చేతులతో తల మీదకెత్తాడు. మ్యాచ్ మొత్తంలో టేలర్ ముందంజలోకి వచ్చింది ఆ ఒక్క బంతితోనే!

అప్పుడు టైమ్ అర్ధరాత్రి 12 గంటల 23 నిమిషాలు. బీబీసీ-2లో చూస్తున్నవాళ్లు 1 కోటి 85 లక్షల మంది. పదహారేళ్ల క్రితం రంగులు చూపించడానికి చౌకగా దొరికిన ఆటకు, ఆ రాత్రి బ్రిటన్ జనాభాలో దాదాపు మూడో వంతు మేలుకుని కూర్చుంది.

గెలిచినవాళ్లు, గెలవలేకపోయినవాడు

స్టీవ్ డేవిస్ మొత్తం ఆరు టైటిళ్లు గెలిచాడు. 1990లో 21 ఏళ్ల స్కాట్లాండ్ కుర్రాడు స్టీఫెన్ హెండ్రీ వచ్చి అతని యుగానికి తెరదించాడు. చాంపియన్లలో అంత చిన్నవాడు ఇంకొకరు లేరు. 1999 నాటికి హెండ్రీ ఖాతాలో ఏడు.

ఆ ఏడింటిలో నాలుగు ఒకే మనిషిని ఓడించి గెలిచినవి. అతనే జిమ్మీ వైట్. లండన్ జనానికి ముద్దుబిడ్డ. 1984లో ఒకటి, 1990 నుంచి 1994 వరకు వరుసగా ఐదు.. మొత్తం ఆరు ఫైనల్స్ ఆడి ఆరూ ఓడాడు. 1992లో 14-8తో ముందున్నాడు. హెండ్రీ వరుసగా పది ఫ్రేములు గెలిచి 18-14తో పట్టుకుపోయాడు. 1994 అయితే మరీ ఘోరం. 17-17. చివరి ఫ్రేమ్‌లో వైట్ ముందున్నాడు. మామూలుగా కళ్లు మూసుకుని వేసే నల్ల బంతి ఒకటి తప్పింది. హెండ్రీ లేచి టేబుల్ తుడిచిపెట్టేశాడు. ఆ రోజు వైట్ 32వ పుట్టినరోజు. చేతిదాకా వచ్చింది నోటిదాకా రాలేదంటే ఇదే మరి. టైటిల్ గెలిచిన చాలామంది పేర్లు మరిచిపోయిన అభిమానులు కూడా వైట్‌ను మరిచిపోలేదు.

తర్వాతి కాలం రానీ ఓ సలివాన్‌ది. 1997లో అతను కొట్టిన 147కు పట్టిన సమయం 5 నిమిషాల 8 సెకన్లు. మొత్తం 15 ఎరుపులు, 15 నలుపులు, ఆపై ఆరు రంగులు.. సగటున 8, 9 సెకన్లకో బంతి. 2001లో తొలి టైటిల్, 2022లో ఏడోది. అప్పటికి వయసు 46. 1978లో 45 ఏళ్లకు గెలిచిన రియర్డన్ రికార్డు అలా చెరిగిపోయింది. ఆధునిక కాలంలో హెండ్రీ, ఓ సలివాన్ చెరో ఏడింటితో సమంగా నిలిచారు.

క్రూసిబుల్‌కు ఒక 'శాపం' కూడా ఉందంటారు. 1977 నుంచి 2025 వరకు అక్కడ తొలిసారి గెలిచిన ఏ చాంపియనూ మరుసటి ఏడాది టైటిల్ నిలబెట్టుకోలేదు. 1987లో జో జాన్సన్, 1998లో కెన్ డోహెర్టీ ఫైనల్ దాకా వచ్చి ఆగిపోయారు. శాపమో, ఒత్తిడో, లెక్కల మాయో.. కామెంటరీలో మాత్రం ప్రతి ఏప్రిల్‌లో ఈ మాట వినిపిస్తుంది.

సిగరెట్ డబ్బు పోయింది.. చైనా వచ్చింది

టీవీ తెచ్చిన జనంతో పాటు డబ్బు కూడా వచ్చింది. అయితే ఆ డబ్బు ఎక్కువగా సిగరెట్ కంపెనీలది. 1976 నుంచి 2005 దాకా ఈ టోర్నీ పేరు ముందు ఎంబసీ అనే సిగరెట్ బ్రాండ్ ఉండేది. పొగాకు ప్రకటనలపై బ్రిటన్ నిషేధం తెచ్చాక ఆ కుళాయి బంద్ అయింది. 2010 నాటికి ఏడాది మొత్తంలో ర్యాంకింగ్ టోర్నీలు ఆరుకు పడిపోయాయి. అప్పుడు ఒకప్పటి స్టీవ్ డేవిస్ మేనేజర్ బారీ హెర్న్ వాణిజ్య పగ్గాలు తీసుకుని టోర్నీల సంఖ్య పెంచాడు. వాటిలో చాలా చైనాలో.

చైనాలో ఈ ఆటకు ఊపు తెచ్చింది డింగ్ జున్‌హుయి. 2016లో అతను ప్రపంచ ఫైనల్ చేరి మార్క్ సెల్బీ చేతిలో 18-14తో ఓడాడు. అతన్ని చూసి పెరిగిన తరంలో ఒకడు జావో షిన్‌టాంగ్. కానీ జావో దారిలో పెద్ద మచ్చ ఉంది. మ్యాచ్ ఫిక్సింగ్ వ్యవహారంలో 2023లో పదిమంది చైనా ఆటగాళ్లపై వేటు పడింది. ఇద్దరికి జీవితకాల నిషేధం. జావో తన మ్యాచ్‌లు అమ్ముకోలేదు గానీ, మరో ఆటగాడు రెండు మ్యాచ్‌లు ఫిక్స్ చేయడంలో పాలుపంచుకున్నానని, బెట్టింగ్ చేశానని ఒప్పుకున్నాడు. 20 నెలలు ఆటకు దూరమయ్యాడు.

తిరిగొచ్చేసరికి ప్రొఫెషనల్ కార్డు లేదు. అమెచ్యూర్‌గా నాలుగు క్వాలిఫయింగ్ రౌండ్లు గెలిచి క్రూసిబుల్‌కు వచ్చాడు. సెమీస్‌లో ఓ సలివాన్‌ను 17-7తో చిత్తు చేశాడు. ఫైనల్లో విలియమ్స్. నిషేధం నుంచి వచ్చినవాడు చాంపియన్ కావచ్చా అని కొందరు ముఖం చిట్లించారు. శిక్ష పూర్తి చేసుకున్నాడు కదా అని మరికొందరు. కప్పు మీద మాత్రం పేరు పడిపోయింది.

దానితో ఇంకో ప్రశ్న గట్టిగా వినిపిస్తోంది. ఇంత ఆదాయం ఉన్న టోర్నీని 980 సీట్ల హాల్లో ఎంతకాలం పెడతారు? పెద్ద హాల్ కావాలని హెర్న్ చాలాసార్లు బహిరంగంగానే అన్నాడు. హాల్ చిన్నది కాబట్టే అక్కడ ఆ ఒత్తిడి, ఆ నిశ్శబ్దం అని పాత ఆటగాళ్ల వాదన. రెండూ నిజమే. టీవీలో చూసే కోట్లమందికి సీట్ల సంఖ్యతో పనిలేదు. కానీ వాళ్లు చూస్తున్న ఆ ఉత్కంఠ పుట్టేది ఆ ఇరుకులోనే.

మనవాళ్లు ఎక్కడున్నారు?

పంకజ్ అద్వానీ 20కి పైగా ప్రపంచ టైటిళ్లు గెలిచాడు కదా, మరి ఈ కథలో ఎందుకు లేడు అనే డౌట్ రావొచ్చు. అతను గెలిచిన స్నూకర్ టైటిళ్లు అమెచ్యూర్ సమాఖ్య నిర్వహించే ప్రపంచ పోటీల్లోవి. 1984లో ఓం అగర్వాల్ గెలిచిన టైటిల్ కూడా అదే కోవలోది. షెఫీల్డ్‌లో జరిగేది ప్రొఫెషనల్ చాంపియన్‌షిప్. అద్వానీ 2012 నుంచి రెండు సీజన్లు ప్రొఫెషనల్ టూర్‌లో ఆడి వెనక్కి వచ్చేశాడు. ఆ టూర్‌లో ఉండాలంటే ఏడాదిలో ఎక్కువ కాలం బ్రిటన్‌లోనే మకాం పెట్టాలి. ప్రయాణాలు, ప్రాక్టీస్, వీసాలు అన్నీ సొంత ఖర్చే. ముంబైకి చెందిన ఆదిత్య మెహతా 2013లో ఇండియన్ ఓపెన్ ఫైనల్ ఆడి, ర్యాంకింగ్ టోర్నీలో ఆ ఘనత సాధించిన తొలి భారతీయుడయ్యాడు.

ఆ ఇండియన్ ఓపెన్ మన దగ్గరికీ వచ్చింది. 2016లో హైదరాబాద్‌లో, 2017లో విశాఖపట్నంలో. విశాఖలో గెలిచింది నాలుగుసార్లు ప్రపంచ చాంపియన్ అయిన జాన్ హిగ్గిన్స్. హైదరాబాద్ ఫైనల్లో ఆంథనీ మెక్‌గిల్ చేతిలో 5-2తో ఓడిపోయిన ఆటగాడి పేరు కైరెన్ విల్సన్. అతనే 2024లో క్రూసిబుల్‌లో ప్రపంచ చాంపియన్ అయ్యాడు.

ఈ ఆట జబల్‌పూర్‌లో పుట్టి 150 ఏళ్లయింది. 2025 టోర్నీ వరకు చూస్తే, క్రూసిబుల్ ప్రధాన వేదిక మీద ఆడిన భారతీయుడు ఒక్కడూ లేడు.